వెలిగించని పొయ్యిలోంచి మసి వాసన

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. భయం కాదు, విసుగు. డబ్లిన్‌కి దక్షిణంగా ఉన్న కార్క్ పక్కన రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుని. ఏ ఫలితం వచ్చినా మళ్ళీ చేసి చూసి, ఇంకొకరి చేత కూడా చేయించాకే నమ్మడం మా ఉద్యోగం. ఈ సంగతినీ అలాగే పరీక్షించాను. ఏమీ తేలలేదు కాబట్టే రాస్తున్నాను.

మేము అద్దెకున్న ఇంటి ముందుగదిలో పాతకాలపు ఫైర్‌ప్లేస్ ఉంది. బొగ్గులు వేసి కాల్చుకునేది. దిగిన మొదటి చలికాలం సరదాపడి రోజూ వెలిగించాం. ఆ సరదా తీరేలోపే ఇల్లంతా మసి వాసన పట్టేసింది. కర్టెన్లు, సోఫా, ఆఖరికి బీరువాలో మడతపెట్టిన పట్టుచీరలు కూడా. వాన పడితే మరీ కష్టం, చిమ్నీలో మసి తడిసి తారు కంపు కొట్టేది. కార్క్‌లో వాన సంగతి చెప్పేదేముంది.

నా భార్య పద్మకి ఆ వాసన అస్సలు పడేది కాదు. తను హాస్పిటల్లో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "ఏవండీ, మళ్ళీ మొదలెట్టింది మీ పొయ్యి" అనేది, దాన్ని నేనేదో మా రాజమండ్రి నుంచి మోసుకొచ్చినట్టు. గిన్నెల్లో వంటసోడా పోసి గదిమూలల్లో పెట్టింది. వెనిగర్ నీళ్ళతో పొయ్యి చుట్టూ ఉన్న పలకలన్నీ తోమింది. సాంబ్రాణి వేసింది. పొగని పొగతో పోగొడతావా అన్నందుకు ఆ పూట నాతో మాటల్లేవు. చివరికి చిమ్నీ దులిపే మనిషిని పిలిపించి అంతా గీకించింది. ఇక అందులో అగ్గిపుల్ల గీస్తే ఊరుకునేది లేదని తేల్చి చెప్పింది. వాసన నిజంగానే పోయింది.

తర్వాత కోవిడ్ వచ్చింది. ఆ మొదటి వసంతంలోనే పద్మకి సోకింది. అంబులెన్సు దాకా తనే నడిచి వెళ్ళింది. "పిల్లకి రోజూ తల దువ్వండి, చిక్కులు పడిపోద్ది" అని చెప్పి ఎక్కింది. నేను విన్న ఆఖరి మాట అదే. తర్వాత ఫోన్లో ఎవరో నర్సు చూపిస్తే చూశాను, మాట్లాడే స్థితిలో లేదు. కొన్నాళ్ళకి మూసిన పెట్టె ఇచ్చారు. దహనం జరిగే చోట ఒక తెర జరిగింది, అంతే. మంట కూడా కనబడలేదు. నిప్పు పెట్టాల్సిన చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.

అస్థికలు ఒక కుండలాంటి డబ్బాలో ఇచ్చారు. గోదావరిలో కలపాలి. విమానాలు లేవు. రాజమండ్రిలో పంతులుగారికి ఫోన్ చేస్తే, ఇంట్లోకి మాత్రం తేవద్దు బాబూ, బయట చెట్టుకి కట్టించండి అన్నారు. మా పెరట్లో చెట్టు లేదు. బట్టలారేసే తీగ ఉంది, దానికి కట్టడానికి మనసొప్పలేదు.

పద్మ తమ్ముడు కిరణ్ డబ్లిన్‌లో, బోమాంట్‌లో ఉంటాడు. ఊరు దాటకూడదన్న నిబంధన వల్ల అక్క అంత్యక్రియలకి కూడా రాలేకపోయాడు. దారి చెప్పింది అతనే.

"బావా, పొగగొట్టం పైదాకా తెరిచే ఉంది కదా. కింద నుంచి చూస్తే ఆకాశం కనబడుద్ది. అది బయట కిందే లెక్క."

పంతులుగారికి అదే చెప్తే, ఆపద్ధర్మం, కానివ్వండి అన్నారు. ఫైర్‌ప్లేస్‌లో బొగ్గులు వేసే ఇనుప చట్రం మీద డబ్బా పెట్టి తెల్లగుడ్డ కప్పాను. ఎవరైనా నవ్వుకోవచ్చు. మాకు ఆ రోజుల్లో అంతకంటే తోచలేదు.

ఒక ఉదయం మా అన్వి వంటింట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని క్లాసు వింటోంది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. తలెత్తి, "డాడ్, హూ లిట్ ద ఫైర్?" అంది.

నాకూ వచ్చింది. తడిసిన మసి కంపు కాదు, అప్పుడే బొగ్గు అంటుకున్న వాసన. ఆ వసంతంలో విచిత్రంగా వానలు కూడా లేవు. వెళ్ళి పలకల మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉన్నాయి. గుడ్డ మీద నలుసు మసి లేదు. ఆ రోజు నుంచి రోజూ వచ్చింది.

పెళ్ళాం పోయినవాడి మనసు అలాగే ఉంటుంది, ఏవేవో వాసనలొస్తాయి అంటారని నాకు తెలుసు. నేనూ అదే అనుకున్నాను. పక్కింటి పొగ మా చిమ్నీలోకి దిగుతోందేమోనని కూడా అనుమానం. పక్కింటావిడ బ్రీడా పెద్దావిడ, ఒంటరి. గోడ ఇవతల నుంచి దూరంగా నిలబడి అడిగాను. తనది గ్యాస్ హీటింగ్ అట. "పొగ మీ చిమ్నీలోంచే వస్తోంది కదా, పొద్దున్నే చూశాను. పిల్లకి వెచ్చగా ఉంటుంది, దట్స్ గ్రాండ్" అంది. లోపలికొచ్చి మళ్ళీ పలకలు తడిమాను, చల్లగానే ఉన్నాయి.

పద్మ చేసినవన్నీ చేశాను. అవే గిన్నెల్లో సోడా పోశాను. వెనిగర్‌తో తోమాను. పనిచెయ్యలేదు. చిమ్నీకి అడ్డం పెట్టి మూసేస్తే ఆగుతుందేమో, కానీ మూస్తే ఆకాశం ఉండదు. అప్పుడు అస్థికలు ఇంట్లో పెట్టుకున్నట్టే. కిరణ్‌కి ఫోన్లో ఇది వివరిస్తుంటే నా మాటలు నాకే పిచ్చిగా వినిపించాయి.

అన్వి మాత్రం మారిపోయింది. లాప్‌టాప్ తెచ్చుకుని ఆ పొయ్యి ముందే కూర్చునేది. తిండి అక్కడే, అదీ రెండు ముద్దలు. నిద్ర కూడా అక్కడే కావాలంది. దువ్వుదామని దువ్వెన తెస్తే ఆ పొయ్యివైపే తిరిగి కూర్చునేది. చిక్కిపోతోంది, దగ్గుతోంది. జీపీ, అంటే మా మామూలు డాక్టరు, ఫోన్లోనే విని, దుఃఖం, టైం ఇవ్వండి అన్నాడు. పద్మ పోయింది, ఇప్పుడు దీన్ని కూడా ఆ పొయ్యి లాక్కుంటోందనిపించింది. ఏమిటమ్మా ఇది అని బతిమాలితే, "ఇట్స్ ఓన్లీ మామ్. షీజ్ గివింగ్ అవుట్ అబౌట్ ద ఫైర్" అంది. గివింగ్ అవుట్ అంటే ఇక్కడివాళ్ళ భాషలో తిట్టడం. అది చిన్నగా నవ్వుతూ చెప్పింది. వాళ్ళమ్మ వెళ్ళాక అది నవ్వడం నేను చూడలేదు. అయినా నాకు భయమే ఎక్కువైంది.

మర్నాడు అది స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా తీసుకెళ్ళి పెరటి షెడ్డులో పెట్టాను. అది కూడా బయటే కదా.

మధ్యాహ్నానికి వాసన లేదు. అన్వి గది మధ్యలో నిలబడి గాలి పీల్చింది. పొయ్యిలోకి చూసింది. "వేర్ డిడ్ యూ పుట్ హర్?" అంది. చెప్పాను. ఏడవలేదు. "షీ వాజ్ టాకింగ్ టు అస్, డాడ్" అంది.

పరుగెత్తి వెళ్ళి తెచ్చాను. ముందు ఎలా ఉందో అలాగే పెట్టాను, గుడ్డ కూడా అలాగే కప్పాను. ఆ రోజు రాలేదు. ఆ వారం రాలేదు. వానలు మొదలయ్యాక మామూలు తడి మసి కంపు వచ్చింది గానీ ఆ వాసన రాలేదు.

ప్రయాణాలకి వీలయ్యాక గోదావరికి వెళ్ళాం. కిరణ్ కూడా వచ్చాడు. చెయ్యాల్సినవన్నీ పద్ధతిగా జరిగాయి. మనసు తేలికవుతుందన్నారు, నాకేమీ కాలేదు. ఆ వాసన ఎందుకొచ్చిందో, బ్రీడా చూసిన పొగ ఏమిటో, డబ్బా కదిపితే ఎందుకు ఆగిందో ఈ రోజుకీ చెప్పలేను. 

తిరిగొచ్చాక ఆ చలికాలంలో అన్వి ఒకటే అడిగింది, పొయ్యి వెలిగించమని. పద్మ వద్దన్న పని. అయినా బొగ్గులు తెచ్చి వెలిగించాను. పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని చాలాసేపు గాలి పీల్చింది. నేను దాని ముఖమే చూస్తున్నాను. నా జీవితంలో దేనికోసమూ అంతగా ఎదురుచూడలేదు.

"దట్స్ జస్ట్ ఎ ఫైర్, డాడ్" అని లేచి, మేడ మీద తన గదికి వెళ్ళిపోయింది.