ఆఫ్రికా గోళికి అవ్వ పెట్టిన పథ్యం

ఆ రోజుల్లో మా వైపు మందు అంటే రోగం వచ్చాక తినే వస్తువు. రోగం రాకముందే మందు తినేవాణ్ణి చూస్తే జనం ముందు నవ్వేవాళ్లు, తరువాత అనుమానించేవాళ్లు. ఈ రెండూ నాకు ఒకే నెలలో జరిగాయి. అప్పటికి నేను వ్యవసాయ డిప్లొమా చేతబట్టుకుని, గద్వాలలో ఒక విత్తనాల కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరిన కొత్త. మాది గట్టు మండలంలో మెట్ట ఊరు. అక్కడ ఇంటింటికీ విత్తన పత్తే. సాయంత్రం మొగ్గను గిల్లి దాని మగభాగం తీసేయడం, మర్నాడు పొద్దున మరో రకం పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దడం, ఇదే క్రాసింగ్ అంటే. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది కాని నడుములు విరుగుతాయి. ఇదే పనిని టాంజానియాలో మొదలుపెట్టాలని మా కంపెనీకి బుద్ధి పుట్టి, అక్కడి రైతులకు నేర్పడానికి ఇద్దరిని ఎంపిక చేసింది. ఒకణ్ణి నేను. రెండోవాడు కొత్తకోట వాడు. హైవే పక్కన వాళ్ల నాయనకు లారీల మెకానిక్ షెడ్డు ఉండేది. రోజూ పొద్దున దండేలు తీసి కండలు పెంచినందుకు వాణ్ణి అందరం పహిల్వాన్ అనేవాళ్లం.

బయలుదేరే ముందు హైదరాబాదులో ఒక డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడ మలేరియా జాస్తి, వారానికొక మాత్ర వేసుకోవాలి, పోయే ముందే మొదలుపెట్టాలి, అక్కడున్నన్నాళ్లూ మానకూడదు, తిరిగి వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి అని ఆయన చెప్పాడు. కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలి, నీళ్లు బాగా తాగాలి, అయినా దోమతెర వదలొద్దు అని కూడా చెప్పాడు. "వచ్చినంక ఎందుకు సార్? అక్కడి దోమలు మా వెంట విమానం ఎక్కుతయా?" అన్నాడు పహిల్వాన్. డాక్టరు నవ్వి, దోమ ఒంట్లోకి వదిలిన క్రిమి కొన్నాళ్లు కాలేయంలో దాక్కుంటుందని, అది రక్తంలోకి దిగేసరికి అక్కడ మందు కాపలా ఉండాలని వివరించాడు. నాకు బాగా అర్థమైంది. మావాడికి అర్థం కాలేదని గద్వాల రూముకు వచ్చిన మర్నాడే తెలిసింది. పొద్దున్నే దండేలు తీసి, పరగడుపున మాత్ర మింగి, గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఆనాటి నుంచి వాడికి ఆ మాత్రంటే పగ. టాంజానియాలో ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం అన్నం తినిపించి, దగ్గర కూర్చుని నేనే వాడిచేత మింగించాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు తెలియదు. పోయే ముందు వడ్డేపల్లిలో ఒక రైతు చేను తనిఖీకి పోతే, డిగ్రీ చదివే ఆయన బిడ్డ సెలవులకు వచ్చి కూలీలతో క్రాసింగ్ చేయిస్తోంది. మొగ్గలు సరిగ్గా గిల్లడం లేదని నా ఉద్యోగం కొద్దీ అన్నాను. "మీరు జర గిల్లి సూపియ్యుండ్రి సార్" అంది. నేను గిల్లాను, మొగ్గంతా ఊడి చేతికొచ్చింది. సాలులో ఉన్న ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ తరువాత ఆ చేనుకు నా తనిఖీలు ఎక్కువయ్యాయి. (ఆ ఏడు ఆ చేనులో విత్తనం అంత నాణ్యంగా ఎందుకు వచ్చిందో కంపెనీకి ఇప్పటికీ తెలియదు.) నా అవస్థ చూడలేక మా నాయన పెద్దమనుషులతో మాట కదిపించాడు. "పిలగాడు ఆఫ్రికా పోయి రానియ్యుండ్రి, వచ్చినంక ఇల్లు సూసి మాట ఖాయం చేసుకుందం" అని వడ్డేపల్లి మామ కబురు చేశాడు. (అప్పటికింకా ఆయన మామ కాలేదు. కాని మా వైపు అయ్యేదాకా ఆగి పిలిచే ఓపిక ఎవరికీ లేదు.) అందుకని ఒక పంటకాలం టాంజానియాలో గడిపి, నేను ఇంటికి వచ్చింది జీతం కోసమూ కాదు, అమ్మ చేతి కూర కోసమూ కాదు. ఆ ఖాయం చేసే రోజు కోసం.

వచ్చిన మొదటి ఆదివారమే అవ్వ కంట పడ్డాను. అవ్వంటే మా నాయన తల్లి. ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు.

"ఏందిరా అది మింగుతున్నవ్?"

"గోళి అవ్వా."

"జరం వచ్చిందా?"

"రాలే."

"మరెందుకు?"

"జరం రాకుండ."

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లుంది నీ యవ్వారం" అంది. అంతటితో ఊరుకుని ఉంటే నేను బాగుపడేవాణ్ణి. కాని విమానమెక్కి వచ్చిన గర్వం ఒకటి ఉంది కదా. "ఇది మామూలు గోళి కాదవ్వా. ఒక్కటి మింగితె ఏడు దినాలు ఒంట్ల పని చేస్తది" అన్నాను. "అంటె ఏడు దినాలు మందు కడుపుల్నె ఉంటదా? మల్ల వారం ఇంకోటి మింగుతవా?" అని అడిగింది. అవునన్నాను. నెలంతా మింగుతావా అంటే దానికీ అవునన్నాను. అవ్వ కొంగు నడుముకు చుట్టి, "అయితె నెల దినాలు పథ్యమే" అని తీర్పు చెప్పేసింది. ఒంట్లో మందున్నంత కాలం పథ్యం ఉండాలన్నది ఆమె శాస్త్రం. ఆమె పుట్టింది రాయచూరు వైపు. వద్దు అనాల్సి వస్తే నోటికి కన్నడమే ముందు వచ్చేది. "ఉప్పు బ్యాడ, కారం బ్యాడ, నూనె బ్యాడ, పులుసు బ్యాడ, నీసు అసలే బ్యాడ" అని నా జీవితంలో రుచి అన్నదాన్నంతా ఒక్క గుక్కలో తుడిచేసింది. మిగిలింది ఉప్పులేని జొన్నరొట్టె, ఉడికించిన పెసరపప్పు, మజ్జిగ.

తిరగబడొచ్చు కదా అని మీరనొచ్చు. తిరగబడ్డాను కూడా. అప్పుడు అవ్వ అరవలేదు, రొట్టె పళ్లెం నా ముందు పెట్టి పక్కనే కూర్చుంది. "మీ తాతకు చలిజరం వచ్చినప్పుడు దవాఖాన మందు పడ్డది. జర తేరుకున్నడు. పీర్ల పండుగొచ్చె, పథ్యం ఇడిసి మాంసం తిన్నడు. జరం మల్ల తిరగబెట్టె, నాకు దక్కలే" అంది. తాత పోయింది మాంసం వల్ల కాదని నాకు తెలుసు. మందు మధ్యలో ఆపి ఉంటాడు. కాని ఆ మొహం చూశాక ఉప్పు అడగకుండా రొట్టె తుంచాను. అవ్వంటే నాకు ప్రాణం, ఇందులో దాచుకోవడానికేముంది?

సరిగ్గా ఆ పథ్యం నడుమ వడ్డేపల్లి మామ నలుగురు పెద్దమనుషులతో ఇల్లు చూడటానికి వచ్చాడు. మేకపోతును కోశారు. మా వైపు సంబంధం ఖాయం చేసే రోజున పిల్లవాడు కాబోయే మామ పక్కన బంతిలో కూర్చుని తినాలి. నేను కూర్చున్నాను. అందరి విస్తళ్లలోనూ మాంసం కూర పొగలు కక్కుతోంది. నా విస్తట్లో మాత్రం అవ్వ తన చేత్తో తెల్లని రొట్టె, పసుపు కూడా లేని పప్పు వడ్డించింది.

"ఏం పిలగా, నీసు తినవా?" అన్నాడు మామ.

"తింట మామా. ఇప్పుడు జర పథ్యం."

"పథ్యమా? ఏం రోగం?"

"రోగం లేదు. రోగం రాకుండ గోళి తింటున్న."

"రోగం లేకుంటె గోళెందుకు? ఉత్త గోళికి పథ్యమెందుకు?"

గడప దగ్గర నుంచి అవ్వ అందుకుంది. "ఉత్త గోళి కాదు నాయనా! ఒక్కటి మింగితె ఏడు దినాలు ఒంట్లనే ఉంటది. గంత గట్టి మందు నేను పుట్టినకాణ్నుంచి సూడలే" అంది, మనవడి గొప్ప చెబుతున్నానన్న సంబరంతో. బంతిలో చేతులన్నీ ఒక్కసారి ఆగాయి. "మందే గంత గట్టిదైతె రోగమెంత గట్టిదో" అని ఒక పెద్దమనిషి పక్కాయన చెవిలో అన్నాడు. ఆయనకు చెవుడు కావడం వల్ల ఆ మాట వాకిట్లో మేకలకు కూడా వినపడింది. మామ గొంతు తగ్గించి, "ఆ గోళి తింటె ఏమన్న అయితదా?" అని అడిగాడు. ఏమీ కాదంటే సరిపోయేది. "ఏం కాదు మామా, నిద్రల జర కలలు ఎక్కువ పడతయ్, గంతే" అన్నాను. ఎట్లాంటి కలలు అన్నాడాయన. నిజం చెప్పాలి కదా మరి. "మొన్న మీ చేనే కలలకొచ్చింది మామా. ఒక ఏనుగు మీ గట్టు మీద కూసోని తొండంతోని మొగ్గలు గిల్లుతుండె. గట్ల కాదు, మెల్లగ గిల్లాలె అని నేను దానికి నేర్పిస్తుంటి" అన్నాను. మా నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పెద్దమనుషులు గబగబా తిని చేతులు కడుక్కున్నారు. మాట ఖాయమైతే బెల్లం పంచుకోవడం ఆచారం. అమ్మ పళ్లెంలో బెల్లం ముక్కలు పెట్టుకుని నిలబడే ఉంది. "ఇంటికాడ అందరితోని మాట్లాడి చెప్పి పంపుతం" అని మామ చెప్పులు తొడుక్కున్నాడు. ఆ మాటకు మా వైపు అర్థం ఒక్కటే. ఆ పూట నాకు ఏడుపొక్కటే తక్కువ. హైదరాబాదు డాక్టరుకు ఫోను చేసి, అవ్వ వినేలా స్పీకరు పెట్టాను. "పథ్యమా? ఏ పథ్యమూ లేదు. అన్నీ కడుపునిండా తిని మాత్ర వేసుకోవాలి" అన్నాడాయన స్పష్టంగా. అవ్వ నా వైపు జాలిగా చూసి, "పథ్యం చెప్పనోడు ఏం డాక్టరురా! పైసలన్ని తీసుకొని సగమే చెప్పిండు" అంది.

ఇంతలో పహిల్వాన్ పడ్డాడు. నాగర్‌కర్నూల్‌లో వాళ్ల అక్క ఇంటికి పోయినవాడికి చలి, వణుకు, కాలిపోయే జ్వరం. సంగతి తెలిసి నేను వెంటనే ఫోను చేసి, ఆఫ్రికా నుంచి వచ్చాడని డాక్టరుకు ముందే చెప్పండి, రక్తం పరీక్ష చేయించండి అని వాళ్ల అక్కకు చెప్పాను. మలేరియానే. చికిత్స తొందరగా అందడంతో గండం గడిచింది. చూడటానికి పోతే దుప్పట్ల కింద నుంచి మొహమొక్కటి బయటపెట్టాడు. "గోళీలు ఏమైనయ్ రా?" అన్నాను. "సంచిల్నె ఉన్నయ్. ఇంటికొచ్చినంక ఇక్కడి దోమలు మనోళ్లే గద అనుకున్న" అన్నాడు. వాడి మీద వచ్చిన కోపం ఆ మాటతో సగం చచ్చిపోయింది.

ఈ కథలో నీతి ఏమిటో మీకూ నాకూ తెలుసు. మాత్ర మానినవాడు పడ్డాడు, మాననివాడు నిలబడ్డాడు. మా ఊళ్లో మాత్రం నీతి వేరే దారి పట్టింది. "పథ్యం లేనోడు పడ్డడు, నా మనుమడు నిలవడ్డడు" అని అవ్వ వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది. మాత్ర సంగతి నేనెంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. ఆ వార్త బస్సులెక్కి వడ్డేపల్లికి కూడా చేరింది.

ఒకరోజు మధ్యాహ్నం మామ ఒక్కడే మోటారు సైకిల్ మీద వచ్చాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, నా వంక చూడకుండా మా నాయనతో చెప్పాడు. "ఆ పొద్దు ఇంటికి పోయి మా అమ్మకు ఉన్నదున్నట్లు చెప్పిన. పిలగానికేదో రోగముందమ్మా, సంబంధం బ్యాడ అన్న. మొన్న కొత్తకోట పిలగాని ముచ్చట తెలిసినంక ఆమెనే నన్ను కూసోబెట్టింది. 'రోగమే ఉంటె ఆ ముసలామె వాణ్ని నీ పక్కన బంతిల కూసోబెడ్తదా? దాస్తది గదా. రోగం లేకనే, అవ్వ మాటకు మటన్ పక్కన పెట్టుకొని ఉప్పులేని రొట్టె తిన్నడంటె, రేపు నా మనుమరాలి మాట కూడ ఇంటడు. గసోంటోడు మల్ల యాడ దొరుకుతడు? పో, పోయి బెల్లం తిని రా' అని తోలింది" అన్నాడు. అమ్మ ఉరుకుతూ పోయి బెల్లం తెచ్చింది. అందరూ నోరు తీపి చేసుకున్నారు. నేనూ చేయి చాచాను. "బెల్లం బ్యాడ" అంది అవ్వ.

ఆఖరి గోళి అయిపోయి, పథ్యం విడిచే రోజున వడ్డేపల్లి వాళ్లంతా వచ్చారు. అవ్వ మొదటి ముక్క తన చేత్తో నా నోట్లో పెట్టింది. నెల్లాళ్లు చప్పిడి తిన్న నాలుక మీద గట్టు మిరపకాయ కారం పడేసరికి కళ్ల నుంచి, ముక్కు నుంచి నీళ్లు ధారగా కారాయి. "సూడుండ్రి, అల్లునికి సంబురం ఆగుతలేదు" అన్నారెవరో. కాదనలేదు. సగం నిజమే కదా.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ పని మీద ఆ దేశాలకు పోతుంటాను, మాత్రలు మానకుండా వేసుకుంటాను, పథ్యం పెట్టేవాళ్లు ఎవరూ లేరు. ఈ మధ్య నలభై దాటాక బీపీ అని తేలి, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడు. ఒక్క పూట ఆగగలిగాను. రెండో పూటే మామిడి తొక్కు జాడీలో చేయి పెట్టి దొరికిపోయాను. మా ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "వడ్డేపల్లిల మా అవ్వ ఏరి కోరి నన్ను ఇప్పిచ్చిన పిలగాడు ఒకడుండె. వాడు యాడికి పోయిండో జర సూసి చెప్తవా?" అంది. నేనూ వేళ్లు నాక్కుంటూ వాడికోసమే చూశాను. ఉప్పులేని రొట్టె నములుతూ, ఒక పిల్ల కోసం ఏనుగుకు క్రాసింగ్ నేర్పిన ఆ బక్కోడి మీద నాకు జాలి వేసింది, నవ్వొచ్చింది. కొంచెం అసూయ కూడా కలిగింది.