తెలిసిన వాసనలే కొనుక్కున్నాను

ఆ రోజు పండుమిరపకాయల పచ్చడికి తాలింపు పెడుతున్నాను. మాది నరసరావుపేట. మిరపకాయల కాలంలో తెలిసిన రైతులెవరో ఒకరు ఒక సంచెడు పండుకాయలు తెచ్చి మా వాకిట్లో దించిపోతారు. తొడిమలు తీసి, ఆరబెట్టి, చింతపండు, ఉప్పు వేసి తొక్కి జాడీకి ఎత్తుతాను. కావలసినప్పుడు కాస్త తీసి నూనెలో తాలింపు వేసుకుంటాం. ఏటా చేసే పనే. నూనె కాగాక ఇంగువ వేశాను. వాసన రాలేదు. పాతబడిందేమో అనుకుని ఇంకొంచెం వేశాను. అప్పుడూ రాలేదు. కొట్టువాడు నాసిరకం అంటగట్టాడని తిట్టుకుంటూ మరోసారి వేశాను.

మా ఆయన ఒక ముద్ద తిని ఆగిపోయారు.

"ఏందే ఇది, ఇంగువ డబ్బా మొత్తం ఒంపావా?"

"అసలు వాసనే లేదు కదండీ."

"లేకపోవడమేంది? వీధిలోకి కొడతా ఉంటే."

లేచి వెళ్లి డబ్బా మూత తీసి ముక్కుకు ఆనించుకున్నాను. ఏమీ లేదు. కాఫీ పొడి చూశాను. ఒంటి సబ్బు చూశాను. దేవుడి దగ్గర కర్పూరం చూశాను. అన్నీ ఒకటే, మంచినీళ్లను వాసన చూసినట్టు. అంతకుముందు వారం నాకు వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. నీరసం తప్ప ఇంకేమీ మిగల్లేదనే అనుకున్నాను.

మా వీధి చివర డాక్టరు గారు ముక్కులో చుక్కలు రాసిచ్చారు. "జలుబు పూర్తిగా పోతే అదే వస్తుందమ్మా" అన్నారు. జలుబు పోయింది. వాసన రాలేదు. వాసనతో పాటు రుచి కూడా పోయిందని మెల్లగా తెలిసింది. ఉప్పు, పులుపు, తీపి నాలుకకు తెలుస్తున్నాయి. కానీ గోంగూరకూ చింతకాయకూ తేడా తెలియడం లేదు. వంట మాత్రం ఆపలేదు. చేతి అలవాటు మీద చేసేదాన్ని, ఎలా ఉందో మా ఆయన్ని అడిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం పప్పు సన్నని మంట మీద పెట్టి, ముందు వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. మా ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. భోజనానికి వచ్చిన మనిషి గుమ్మంలో అడుగు పెడుతూనే నన్ను దాటుకుని వంటింట్లోకి పరుగెత్తారు. కిటికీ గాలికి మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. ఆయన సిలిండరు కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసి, బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. "రేపు గుంటూరు పోదాం" అన్నారు, అంతే.

గుంటూరులో ఈఎన్‌టీ డాక్టరు మా వయసు ఆవిడే. ముక్కులోకి సన్నటి గొట్టం పంపి ఎండోస్కోపీ చేశారు. తలకు ఎమ్మారై తీయించారు. రిపోర్టులు చూసి, "లోపల అంతా క్లియర్‌గా ఉంది. ట్యూమర్ లాంటిదేమీ లేదు. వైరస్ వల్ల స్మెల్ నెర్వ్ దెబ్బతింది. పోస్ట్ వైరల్ అనాస్మియా అంటాం" అన్నారు.

"మరి కారం ఘాటు తెలుస్తోంది కదండీ?" అని అడిగాను.

"ఘాటు, మంట వేరే నెర్వ్‌లో పోతాయి. అది బాగానే ఉంది."

"ఎప్పటికి తగ్గుతుంది?"

ఆవిడ దాచకుండా చెప్పారు. "చెప్పలేనమ్మా. కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. కొందరికి పూర్తిగా రాదు. స్మెల్ ట్రైనింగ్ చేస్తే ఛాన్స్ బాగుంటుంది. నాలుగు రకాల నూనెలు కొనుక్కోండి. మామూలుగా రోజ్, లెమన్, లవంగం, యూకలిప్టస్ చెబుతాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒక్కొక్కటీ కాసేపు వాసన చూడండి. ఊరికే పీల్చడం కాదు. అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి."

మా ఆడపడుచు పద్మ గుంటూరులోనే ఉంటుంది. మా ఆయన కొట్లో పని ఉండి వెనక్కి వెళ్లిపోయారు. నన్ను పద్మ తనకు అలవాటైన ఆర్గానిక్ స్టోరుకి తీసుకెళ్లింది. నేను అలాంటి చోటుకి పోవడం అదే మొదలు. ఏసీ చల్లగా ఉంది. సన్నగా పాట వస్తోంది. కొర్రలు, సామలు, జొన్నలు పెద్ద పెద్ద గాజు జాడీల్లో పోసి ఉన్నాయి. గానుగ నూనెలు వరసగా సీసాల్లో ఉన్నాయి. అంతమంది సరుకులు ఎత్తుకుంటున్నారు, దించుకుంటున్నారు, నాకు మాత్రం ఆ కొట్టు టీవీలో చూస్తున్నట్టు ఉంది. కిరాణా కొట్లోకి అడుగు పెట్టగానే ముందు మనకు తగిలేది వాసనే అని అప్పటిదాకా నాకు తెలియదు.

పద్మ బుట్ట నింపేస్తోంది. "ఈ గింజలు నరాలకు మంచివంట వదినా. ఈ టీ పొడి ఇమ్యూనిటీకంట. ఇదిగో, ఈ తేనె తీసుకో."

"పద్మా, మనం వచ్చింది నాలుగు నూనెలకమ్మా. మిగతావి పెట్టేయ్."

నూనెల అర దగ్గర నిలబడ్డాను. వేలెడంత సీసాలు, ఎన్ని రకాలో. అక్కడ పనిచేసే అమ్మాయి నవ్వుతూ వచ్చి, "టెస్టర్లు ఉన్నాయి మేడమ్, వాసన చూసి నచ్చింది తీసుకోండి" అంది.

"నాకు వాసన రాదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తీసిన టెస్టరు మళ్లీ అరలో పెట్టేసింది. వాసన తెలియని మనిషి వాసన ఎలా ఎంచుకుంటుంది? పద్మ ఒక్కొక్క సీసా మీది పేరు పైకి చదవడం మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకుని విన్నాను.

"రోజ్."

ఏమీ గుర్తు రాలేదు. మా పుట్టిల్లు గురజాల పక్కన పల్లె. నాపరాళ్ల నేల, నాపరాళ్ల కప్పు. మా ఇంట్లో గులాబీలు ఎప్పుడూ లేవు. "అది వద్దు" అన్నాను.

"డాక్టరు చెప్పింది కదా వదినా."

"గుర్తు తెచ్చుకోమంది కూడా. గుర్తే లేనిదాన్ని ఎట్లా తెచ్చుకునేది?"

"సరే. లెమన్."

వెంటనే మాచర్ల బస్సు కళ్ల ముందు నిలిచింది. చిన్నప్పుడు బస్సెక్కితే నాకు వాంతులు. అమ్మ చీర కొంగులో ఒక నిమ్మకాయ ముడివేసుకుని వచ్చేది. బస్సు కదలగానే దాన్ని గోటితో గీరి నా ముక్కు దగ్గర పెట్టి, తన చేత్తోనే పట్టుకుని కూర్చునేది. ఊరు వచ్చేదాకా ఆ చెయ్యి దించేది కాదు. "అది తీసుకో" అన్నాను.

లవంగం అనగానే మళ్లీ అమ్మే. ఆవిడకు పంటి నొప్పి. ఎప్పుడూ బుగ్గలో ఒక లవంగం ఉండేది. నాకు జడ వేస్తూ వెనక నుంచి మాట్లాడుతుంటే ఆ వాసన నా చెవి పక్కగా వచ్చేది. అమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆ కొట్లో, ఆ ఏసీలో, నా చెవి పక్కన గాలి కదిలినట్టు అనిపించి ఒక్క క్షణం కళ్లు తెరవలేకపోయాను.

మూడోది వట్టివేరు. దాని పేరు వినగానే ఎంచుకున్నాను. మా పల్నాటి ఎండలకు నాపరాళ్ల ఇల్లు పొయ్యిలా కాలేది. నాన్న కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టేవాడు. దాని మీద నీళ్లు చల్లడం నా పని, మా అక్క పని. మధ్యాహ్నం అంతా చెంబులు పట్టుకుని పోట్లాడుకునేవాళ్లం. తడిక తడిసి గాలి లోపలికి రాగానే నాన్న, "ఆ, ఇప్పుడు పడుకోండి" అని తుండు పరిచేవాడు.

నాలుగోది తెగలేదు. ఎన్ని పేర్లు చదివినా మనసు కదల్లేదు. పద్మ విసుక్కోకుండా వాళ్ల అన్నయ్యకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మా వదినకు ఏ వాసనంటే ఇష్టం?"

ఫోన్ స్పీకరులో పెట్టింది. అక్కడ ఆయన కొట్లో ఎవరో యూరియా అడుగుతున్నారు. తర్వాత ఆయన అన్నారు, "దవనం ఉందేమో చూడు. పెళ్లయిన కొత్తలో శివరాత్రికి కోటప్పకొండ పోయాం. కింద దవనం అమ్ముతుంటే కొనిపెట్టా. వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టుకోని నిద్రపోయింది. అంత రద్దీలో ఆ వాసన ఒక్కటే తెలిసింది నాకు."

నాకు తిరునాళ్లకు ఎత్తుగా కట్టిన ప్రభలు గుర్తున్నాయి, జనం గుర్తున్నారు. దవనం గుర్తు లేదు. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. పద్మ ఫోన్ పెట్టేసి నా వైపు చూసి నవ్వింది. దవనం నూనె కింది అరలో దొరికింది. అదీ బుట్టలో వేసుకున్నాను.

ఇంటికొచ్చి పొద్దున, సాయంత్రం సీసాలు ముందు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట్లో వట్టి గాలి. అయినా అమ్మ చెయ్యి, నాన్న తడిక తలుచుకుంటూ పీల్చేదాన్ని. ఏమీ రాకపోయినా ఆ కాసేపు మా ఊళ్లో ఉండి వచ్చినట్టుండేది. అందుకే మానెయ్యలేదనుకుంటాను.

ఎండాకాలం అయిపోయి వానలు మొదలయ్యాక వాసన వచ్చింది, కానీ తప్పుగా వచ్చింది. కాఫీ టైరు కాలినట్టు. వేగుతున్న ఉల్లిపాయ మురుగు కాలవలా. వెల్లుల్లి తాలింపు వేస్తే వంటింట్లో నిలబడలేక బయటికి వచ్చేశాను. దవనం సీసా తెరిస్తే కుళ్లు కంపు కొట్టింది. దాన్ని తీసుకెళ్లి బీరువాలో పెట్టేశాను. ఆయన చూశారు. తిండి సగానికి సగం తగ్గిపోయి చిక్కిపోయాను. అసలు వాసన లేని రోజులే నయమనిపించింది.

మళ్లీ గుంటూరు వెళ్లాం. డాక్టరు విని, "దీన్ని పెరాస్మియా అంటారు. మీకు నరకంలా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఇది మంచి గుర్తేనమ్మా. పూర్తిగా చచ్చిన వైరు తప్పుడు సిగ్నల్ కూడా ఇవ్వదు కదా. ట్రైనింగ్ ఆపకండి. భరించలేనిది కొన్నాళ్లు పక్కన పెట్టండి. వేయించినవి, ఉల్లి, వెల్లుల్లి, కాఫీ వదిలేసి చల్లగా, చప్పగా తినండి. బరువు తగ్గకూడదు" అన్నారు.

ఆ రోజు ఆ స్టోరుకి నేనూ మా ఆయనా కలిసి వెళ్లాం. ఈసారి కొనాల్సింది తిండి. ఆయన కళ్లజోడు ముక్కు మీదకు జార్చుకుని ఒక్కో పొట్లం వెనక రాసింది చదువుతున్నారు. "ఇందులో వెల్లుల్లి పొడి ఉంది, వద్దు. ఇది వేయించిందే, వద్దు." చివరికి దంపుడు అటుకులు, పెసరపప్పు, ఖర్జూరాలు, బెల్లం తీసుకున్నాం. ఇంత పెద్ద కొట్టుకి వచ్చి చివరికి పసిపిల్లల తిండి కొనుక్కుపోతున్నామని నాకు నవ్వొచ్చింది.

"నవ్వావులే, చానా రోజులకి" అన్నారు ఆయన.

ఆ వానాకాలమంతా అటుకులు పెరుగులో నానబెట్టుకుని, పెసరపప్పు కట్టు చల్లార్చుకుని తాగాను. మా ఆయన తనకు కూడా తాలింపు వద్దన్నారు. మిరపకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, నా ఎదురుగా కూర్చుని అదే చప్పిడి కూడు తిన్నారు.

చలికాలం మొదలైన రోజుల్లో ఒక పొద్దున లవంగం సీసా తీసి పీల్చాను. ఎప్పటిలాగే అమ్మను తలుచుకున్నాను. చాలా సన్నగా, తలుపు అవతల ఎవరో ఉన్నట్టు, వచ్చింది. మళ్లీ పీల్చాను. కాలినట్టు లేదు, కుళ్లినట్టు లేదు. లవంగం. నా తలలో దువ్వెన కదిలినట్టు, "తల కదిలించొద్దే" అన్నట్టు ఉంది. మా ఆయన పూజ చేసుకుంటున్నారు. సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయనే చూసి, గంట పక్కన పెట్టి వచ్చారు.

"ఏమైందే?"

"అమ్మ" అన్నాను.

ఆయనకు ఎలా అర్థమైందో తెలియదు, సీసా తీసుకుని మూత పెట్టి, మళ్లీ మూత తీసి నా చేతికిచ్చారు. "ఇంకోసారి చూడు" అన్నారు.

తర్వాత నిమ్మ వచ్చింది, వట్టివేరు వచ్చింది. దవనం బీరువాలోంచి తీసి చాలా రోజులు చూశాక, మంచి వాసనగా మారింది. అది ఆ కోటప్పకొండ నాటిదేనా అని ఆయన అడిగితే, నాకు అప్పటిది గుర్తు లేదు కాబట్టి ఇదే నా దవనం అని చెప్పాను.

ఇప్పుడు ముప్పాతిక వంతు వచ్చింది. కాఫీ ఇంకా కాఫీలా లేదు, మానేశాను. ఇంగువ సరిగ్గానే పడుతోంది. మొన్నామధ్య వంటింట్లో ఏదో కంపు. "ఎలక చచ్చిందండీ" అన్నాను. ఆయన అటూ ఇటూ పీల్చి, "నాకేం రావట్లేదే" అన్నారు. ఫ్రిజ్ జరిపి చూస్తే నిజంగానే ఉంది. ఆయన చీపురుతో దాన్ని బయటికి లాగుతుంటే ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

నాలాగా వాసన పోయినవాళ్లకు ఒక్క మాట. వంటింట్లో గ్యాస్ లీకైతే మోగే అలారం ఒకటి ముందే పెట్టించుకోండి, ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీకి చూపించుకోండి. ట్రైనింగుకి నూనెలు కొనబోయే ముందు మాత్రం ఇంట్లో కాసేపు కళ్లు మూసుకుని కూర్చోండి. ఏ వాసన తలుచుకుంటే ఒక మనిషి మీ పక్కకు వచ్చి నిలబడతారో చూసుకోండి. డాక్టరుని అడిగి ఆ వాసనే కొనుక్కోండి. రాని రోజుల్లో మిమ్మల్ని ఆ సీసాల ముందు కూర్చోబెట్టేది ఆ మనిషే.