తాళ్ళ సందులో జావెల్ పిన్ని

బిజెర్త్ పాత రేవు పక్కన తాళ్ళ సందులో ఉండే మన్నూబియా పిన్నికి ఒక్కటే పిచ్చి. జావెల్ నీళ్ళు. వాసనకే కళ్ళు మండించి, బట్ట మీద పడితే రంగు లాగేసే ఆ నీళ్ళని మిగతా ఆడవాళ్ళు గచ్చు కడగడానికి వాడతారు. పిన్ని మాత్రం పొద్దున్నే బకెట్ నిండా కలుపుకుని సందు మొత్తం కడిగేది. గడపలు కడిగేది, దీపస్తంభం కడిగేది. కాసేపు కదలకుండా నిలబడ్డ మనిషి కనిపిస్తే వాడి చుట్టూ కూడా కడిగేసేది.

అందుకే బిజెర్త్‌లో తాళ్ళ సందు మగవాళ్ళని గుర్తుపట్టడం మహా తేలిక. మోకాళ్ళ కింద పంట్లాం మీద తెల్ల మచ్చలుంటాయి. సందు మొదట్లో ఫ్రికాసే కొట్టు పెట్టుకుని, వేయించిన బన్నుల్లో చేప, గుడ్డు, కారం కూరి అమ్ముకునే తౌఫిక్ ఒకసారి పిల్లనడగడానికి వెళ్ళాడు. పిల్ల తండ్రి ముఖమైనా చూడకుండా పంట్లాం చూసి, "తాళ్ళ సందా?" అన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. మచ్చల వల్లేనని తౌఫిక్ ఇప్పటికీ అంటాడు. ముక్కు వల్ల అని సందులో మిగతావాళ్ళు అంటారు.

కడగడంతో సరిపెట్టుకుంటే బాగానే ఉండేది. సందు మొదట్లో ఓ గోనెపట్టా పరిచి, దాన్ని జావెల్‌తో తడిపి ఉంచేది. లోపలికి వచ్చేవాళ్ళంతా దాని మీద జోళ్ళు తుడుచుకోవాలి. బద్ధకస్తులు ఒక కాలి జోడు మాత్రమే తుడిచి జారుకోబోతే మేడ మీది కిటికీలోంచి కేక వినపడేది.

"రెండో కాలు!"

పోస్టుమాన్‌కి అదే కేక, ఇమామ్‌గారికి అదే కేక. పెళ్ళి ఊరేగింపు వస్తే డప్పులవాళ్ళని ఆపి మరీ ఎనిమిది రెండో కాళ్ళు తుడిపించింది.

కుక్కలంటే పిన్నికి పడదన్నది సందు మొత్తం ఏకగ్రీవంగా తేల్చేసిన విషయం. ఏ మూలైనా కుక్క పడుకుని లేస్తే చాలు, అక్కడ రెండు బకెట్లు గుమ్మరించేది. అందుకే చేపల బజారులో దొరికిన నల్ల కుక్కపిల్లని తౌఫిక్ చొక్కాలో దాచుకుని తెచ్చి, కొట్టు వెనక గదిలో పెట్టి తాళం వేశాడు. మిరియపు గింజంత నల్లగా ఉందని ఫిల్‌ఫిల్ అని పేరు పెట్టాడు. పెళ్ళాం బిడ్డలు లేని మనిషేమో, పది రోజుల్లో దాన్ని వదిలి ఉండలేని స్థితికొచ్చాడు.

"అబ్బాయ్, ఆ గది తియ్యి, కడుగుతాను" అని పిన్ని బకెట్‌తో వచ్చింది.

"పిండి బస్తాలున్నాయి పిన్నీ. తడిస్తే నా కొంప మునుగుతుంది."

"పిండి బస్తా కుంయ్‌మంటోందేంరా?"

"ఎలక."

"ఎలకలు మొరుగుతున్నాయన్నమాట!" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

దానికి తోడు తౌఫిక్ పండక్కి గోధుమరంగు తోలుజోళ్ళు కొనుక్కున్నాడు. వాటిని ఆ గోనె మీద పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు. పిన్ని నమాజులో ఉన్న వేళ చూసుకుని, గోనెని మేకపిల్లలా ఎగిరి దాటేవాడు.

ఒక పొద్దున ఫిల్‌ఫిల్ పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు. సాయంత్రానికి నెత్తుటి విరేచనాలు, గదిలో నిలబడలేనంత కంపు. తౌఫిక్ మూకుడు దించేసి, కొట్టు మూసేసి, పశువుల డాక్టరు ఒల్ఫాని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె పరీక్ష చేసి పెదవి విరిచింది.

"పార్వో. వైరస్ జబ్బు, పేగుల్ని పాడుచేస్తుంది. ఆ వైరస్‌ని చంపే మందు నా దగ్గర లేదు. ఒంట్లో నీరు పోకుండా సెలైన్ ఎక్కిద్దాం, వాంతులకి సూది వేస్తాను. వెచ్చగా ఉంచండి. ఈ నాలుగు రోజులు గట్టెక్కితే బతికినట్టే."

"దీన్ని గడప దాటనివ్వలేదు డాక్టరమ్మా! ఎలా అంటుకుంది?"

"మీ కాళ్ళతో వచ్చి ఉండొచ్చు. జబ్బు కుక్క తిరిగిన మట్టిలో అది ఏడాది దాకా బతుకుతుంది. ఈమధ్య అలాంటి చోటికేమైనా వెళ్ళారా?"

పోయిన వారం కాలవ అవతల అక్క ఇంట్లో కుక్కపిల్లలు పోతే, వాళ్ళ పెరట్లో నిలబడి ఓదార్చి వచ్చాడు.

"ఏ జోళ్ళతో వెళ్ళారు?"

తౌఫిక్ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. గోధుమరంగు తోలు, ఒక్క తెల్ల మచ్చ లేకుండా మెరుస్తోంది.

"సబ్బుకి చావదది, జావెల్‌కి చస్తుంది" అంది డాక్టరు. "ఈ వసంతంలో రేవు చుట్టూ ప్రతి సందులోనూ కుక్కపిల్లలు పోయాయి. మీ సందు నుంచి ఇదే మొదటి కేసు. ఇక్కడెవరో గట్టి మనిషే ఉన్నట్టున్నారు."

గుమ్మంలో బకెట్ చప్పుడైంది.

"జరుగు" అంటూ పిన్ని లోపలికొచ్చి నేల మీద చతికిలబడి, ఫిల్‌ఫిల్‌ని పాత శాలువాలో చుట్టి, తల ఒళ్ళో పెట్టుకుంది. "ఎలక చాలా నీరసపడిందిరా" అంది మెల్లగా.

"నీకు కుక్కలంటే పడదుగా పిన్నీ!"

"ఎవరన్నారు? మా ఆయన ఓడ మీంచి కుక్కపిల్లని తెచ్చాడు. ఇదే జబ్బుతో పోయింది. నేను ఏడుస్తున్నానని నెల తిరక్కుండా ఇంకోటి తెచ్చాడు. అదే పెరట్లో అదీ పోయింది. మొదటిది తలరాత అనుకున్నాను. రెండోది పెరడు కడక్కపోవడం వల్లే అని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచీ కడుగుతూనే ఉన్నాను. ఏ కుక్క ఎప్పుడొచ్చి ఎక్కడ పిల్లల్ని పెడుతుందో నాకేం తెలుసు?"

"ఆ మాటేదో మాకు చెప్పొచ్చుగా?"

"శుభ్రం కోసమంటే నన్ను తిట్టుకుంటూనైనా తుడుచుకుంటారు. కుక్కల కోసమంటే నవ్వి, దాటేసి పోతారు."

సందంతా ఆమెని ఎన్నేళ్ళుగా ఎలా ఆడిపోసుకుందో తౌఫిక్‌కి గుర్తొచ్చింది. అందులో తన నోరే పెద్దది. చచ్చేంత సిగ్గేసింది. సందు మొత్తంలో ఏకైక కడగని గదికి తాళం వేసి, ఏకైక తుడవని జోళ్ళతో అందులోకి నడిచింది తనే.

డాక్టరు రోజూ వచ్చి సెలైన్ పెట్టేది. పిన్ని వేడినీళ్ళ సీసాలు మారుస్తూ పక్కనే కూర్చునేది. పనిలో పనిగా గదంతా కడిగేసింది, పిండి బస్తాలతో సహా. తౌఫిక్కే బకెట్లు అందించాడు. మూడో రోజు ఫిల్‌ఫిల్ కళ్ళు తేలేస్తే కొట్టు గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఐదో పొద్దున తౌఫిక్ చేప డబ్బా మూత తీశాడో లేదో, గదిలోంచి సన్నగా ఓ అరుపు వినపడింది.

"ఒరేయ్, నీ ఎలక మొరిగింది!" అని పిన్ని సందంతా వినపడేలా అరిచింది.

కోలుకున్నా ఇంకో నెల బయటికి వదలొద్దని డాక్టరు చెప్పింది. ఆ నెలంతా సందు మొదట్లో గోనె దగ్గర కాపలా తౌఫిక్‌దే. ఆ గోధుమరంగు జోళ్ళు ఇప్పుడు ఆవుదూడలా తెల్ల మచ్చలు తేలాయి.

ఫిల్‌ఫిల్ బయటికొచ్చే రోజున పిన్ని గోనె పక్కన ఇంకో చిన్న గోనె పరిచింది. కుక్కపిల్ల దాని మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది.

"రెండో కాలు!" అంది పిన్ని అలవాటు కొద్దీ. తర్వాత దాని వంక చూసి, "మూడోది... నాలుగోది కూడా" అంది.

తౌఫిక్ ఆ గోనె వాసన చూశాడు. "ఇదేంటి పిన్నీ, దీనికి వట్టి నీళ్ళా! మాకేమో ఇన్నేళ్ళుగా జావెలా?"

"పసి పాదాలురా, మండుతాయి" అంది పిన్ని. "నువ్వూ నాలుగు కాళ్ళ మీద రా, నీకూ వట్టి నీళ్ళే పోస్తాను."