లక్క ముద్ర వేసిన తలుపు

మొన్న మెదక్ పోస్టాఫీసులో గుమస్తా ఎవరిదో పార్సిలుకు ముద్ర వేయడానికి లక్క కరిగిస్తున్నాడు. ఆ వాసన తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. సలోమి టీచర్ ఆఫీసు తలుపుకు అధికారులు ముద్ర వేసిన రోజు కూడా ఇదే వాసన.

టీచర్ ఏళ్ళ తరబడి పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తర్వాత బస్టాండు వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని, పోలీసుల చేతుల్లో దెబ్బతిన్నవాళ్ళకు అర్జీలు రాసిపెట్టే చిన్న సంస్థ నడిపారు. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నేను అక్కడ టైపు పనికి చేరాను. నా మొదటి అర్జీ చూసి సగం కొట్టేశారు. "జరిగింది జరిగినట్టు రాయి బిడ్డా. ఏడుపు కలపకు. చదివేటోనికి సిగ్గు రావాలె," అన్నారు.

ఒకరోజు చేగుంట వైపు నుంచి బాలమణి అనే కూలీ వచ్చింది. ఆమె కొడుకు నర్సింలును దొంగతనం అనుమానంతో స్టేషనుకు తీసుకుపోయి, మర్నాడు శవాన్ని అప్పగించారు. టీచర్ ఆమె చేత కోర్టులో కేసు వేయించారు. అంతే, టీచర్ మీద సర్కారు పడింది. తనిఖీ పేరుతో వచ్చి కంప్యూటరు ఎత్తుకుపోయారు. విదేశాల మాట విని కుట్ర చేస్తోందని పేపర్లో రాయించారు. సంస్థ రిజిస్ట్రేషన్ రద్దు చేసి గదులకు సీలు వేశారు. విధులకు అడ్డుపడిందని కేసు కూడా పెట్టారు. బెయిలు షరతు ప్రకారం, మోకాళ్ళ నొప్పులతోనే ఆ పెద్దావిడ వారం వారం స్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టాలి. ఒక్క సంతకానికి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టేవారు. బాలమణి కూలి మానుకుని వచ్చి పక్కన కూర్చునేది.

ఒకసారి నా ఎదుటే ఎస్సై అన్నాడు: "మేడం, గీ తిరుగుడు మీకెందుకు? గా బాలమణి కేసు ఇడిచిపెట్టుండ్రి. మీ తాళం మేమే తీస్తం."

"గదే మాట కాగితం మీద రాసియ్యుండ్రి సార్. జడ్జిగారికి సూపిస్త," అన్నారు టీచర్.

ఆ మరుసటి వారం నన్ను స్టేషనుకు పిలిపించారు. మా నాన్న ఆర్టీసీ ఉద్యోగం సంగతి ఎత్తి, టీచర్ అబద్ధపు సాక్ష్యాలు తయారుచేసేదని రాసిన కాగితం ముందు పెట్టారు. నేను సంతకం చేశాను. రెండు రోజులు టీచర్ దగ్గరికి పోలేదు. చివరికి వెళ్ళి ఏడుస్తూ చెప్పాను.

టీచర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తర్వాత అన్నారు: "భయపెట్టినోన్ని అడుగుదాం. భయపడ్డదాన్ని ఏం అడుగుత? రేపు నా వాయిదాకు కోర్టుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్తవా?"

చెప్పాను. ఆ సంతకం నాతో ఎలా పెట్టించుకున్నారో కూడా. మా నాన్నను దూరపు డిపోకు బదిలీ చేశారు. ఆయన నన్ను తప్పుపట్టకుండా పెట్టె సర్దుకున్నారు.

రెండేళ్ళకు టీచర్ మీద కేసు కొట్టేశారు. సీలు తీయమని ఉత్తర్వు రావడానికి మరో ఏడాది పట్టింది. అప్పటికి టీచర్ పోయి నాలుగు నెలలు. తలుపు తీస్తే ఫైళ్ళన్నీ చెదలు. ఆమెను దొంగలా బెంచీ మీద కూర్చోబెట్టిన ఏ ఒక్కడూ తప్పయిందని అనలేదు. ఒకరికి ప్రమోషన్ కూడా వచ్చింది. నర్సింలు కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది. వాయిదాకు బాలమణితో ఇప్పుడు నేను వెళుతున్నాను.

ఆ గదుల్లోనే కూర్చుని అర్జీలు రాస్తున్నాను. పోయినవారం నిజాంపేట నుంచి ఒకామె వచ్చింది. భర్తను పోలీసులు తీసుకుపోయి మూడు రోజులైందట. కాగితం తీస్తుంటే నా ముఖంలోకి చూసి అడిగింది:

"నీకు భయం కాదా అక్కా?"

"అయితది," అన్నాను. "మీ ఆయన పేరు చెప్పు."