సముద్రం వంకరగా ఉన్న ఫోటో

గోపన్‌పల్లిలో మా అపార్టుమెంటు క్లబ్‌హౌస్‌లో ఆగస్టు పదిహేనుకి నేను తీసిన ఫోటో ఒకటి పెడతామంటే వద్దనలేదు. అంతకుముందు ఆ గోడ మీద ఉన్నవి ఎవరో గోవా వెళ్లి తీసుకొచ్చిన సూర్యాస్తమయాలు. వాటికంటే యుద్ధనౌక నయమే కదా అనుకున్నాను. అదీగాక ఆ ఫోటో చూడటానికి మూసాపేట నుంచి ఒకావిడ వస్తానంది. మిగతా జనం వచ్చినా రాకపోయినా నాకు ఒకటే, ఆవిడ రావాలి.

ఆవిడ నా స్నేహితుడి భార్య. అతనూ నేనూ డెబ్భై ఒకటి యుద్ధంలో ఒకే విమాన వాహక నౌక మీద ఉన్నాం. నేను నేవీ ఫోటోగ్రాఫర్ని, అతను డెక్కు మీద మనిషి. విమానం దిగి ఆగగానే వంగి పరుగెత్తుకెళ్లి చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టడం అతని పని. చెప్పుకుంటే ఇంతే. కానీ కింద ఓడ ఊగుతుంటుంది, పక్కన ఇంకో విమానం ఇంజను మోగుతుంటుంది, ఒక్క అడుగు తప్పితే ఇటు ప్రొపెల్లరు, అటు సముద్రం. అతను దిమ్మ పెట్టి ఇవతలికి వచ్చేదాకా నాకు ఊపిరాడేది కాదు. ఫోటో తీయడం మరిచిపోయి చూస్తూ నిలబడిన రోజులు కూడా ఉన్నాయి.

నేవీ నుంచి వచ్చేశాక అతను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, మూసాపేటలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో అతని యుద్ధం కబుర్లు ఒక్కరూ నమ్మలేదు. ఋజువుగా అతని దగ్గరున్నది స్టూడియోలో యూనిఫాం వేసుకొని దిగిన ఫోటో ఒక్కటే. అందులో ఓడ లేదు, పూలకుండీ ఉంది.

"ఓడల ఆలుగడ్డలు ఒలిచినవేమో బావా" అని బావమరిది ఆటపట్టించేవాడు. పెళ్లాం, పిల్లలు పడీపడీ నవ్వేవారు. నేను సాక్ష్యం చెప్పబోతే, "మీరు మీరు ఒకటే అన్నా, జర ఆగుండ్రి" అని ఆవిడ నా నోరు మూయించేది. మొదట్లో అతనికి కోపం వచ్చేది. పోనుపోను ఆ ఊసెత్తడమే మానేశాడు. స్కూటరు ఎక్కడ ఆపినా, చదునైన సిమెంటు మీద కూడా, చక్రం కింద ఇటుక పెట్టేవాడు. దానికీ నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

డెక్కు మీద అతనున్న ఫోటో నేను ఒకటి తీశాను. విమానాలన్నీ దిగాక ఓడ మలుపు తిరుగుతోంది. మలుపులో అంత పెద్ద ఓడా ఒక పక్కకి ఒరుగుతుంది. పైన టవరు అంచున కమ్మీకి నన్ను నేను కట్టుకొని తీశాను. నేనూ ఓడతోపాటే ఒరిగాను కాబట్టి ఫోటోలో డెక్కు తిన్నగా, సముద్రం ఏటవాలుగా వచ్చాయి. మధ్యలో విమానం, కింద కుడి మూల అటు తిరిగి అతను. ముఖం కనబడదు. తలకి గుడ్డ టోపీ, చెవులకి మూతలు, కళ్లకి అద్దాలు పెట్టుకుంటే, ఇటు తిరిగినా డెక్కు మీద ఎవరి ముఖమూ కనబడదు. ఒకరినొకరం నిలబడే తీరుని బట్టి గుర్తుపట్టేవాళ్లం.

మా ఆఫీసరు ఆ ప్రింటు చూసి, "సముద్రం ఒలికిపోయేలా ఉందేమయ్యా" అని ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. బాగా వచ్చినవన్నీ పై ఆఫీసుకి వెళ్లిపోయాయి. పనికిరానిది గనక దీన్ని ఆయన్నే అడిగి తెచ్చుకున్నాను.

తర్వాత అది ఎటుపోయిందో తెలియలేదు. స్నేహితుడు అడిగినప్పుడల్లా పెట్టెలన్నీ తిరగేసేవాణ్ణి. ఈమధ్య ఈ అపార్టుమెంటుకి మారేటప్పుడు మా పెళ్లిఫోటో ఫ్రేము పగిలింది. చూస్తే, లోపల ఫోటో కదలకుండా అట్టకి బదులు దీన్ని పెట్టి ఉంది. మా ఆవిడ పని. తిడదామన్నా ఆవిడ లేదు. చూపిద్దామన్నా అతను లేడు, అంతకు కొన్ని నెలల ముందే పోయాడు. సామాన్ల మధ్య కూర్చొని ఏడ్చాను. లేచి మూసాపేటకి ఫోన్ చేశాను.

ఫోటో పెద్దది చేయించే పని హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా అమ్మాయి తీసుకుంది. నన్ను పూర్తిగా అయ్యాకే చూడమంది. ఆ రోజు జెండా ఎగరేశాక క్లబ్‌హౌస్ తలుపు తీశారు. ఫోటో గోడంత ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ మనవరాలి చేయి పట్టుకొని దగ్గరికెళ్లి, ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది, మళ్లీ వెనక్కి చూసింది.

"ఏడున్నడన్నా?"

చూపిద్దామని వేలెత్తాను. అతను లేడు. ఎర్ర గీతా లేదు. సముద్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది, డెక్కు జారుడుబండలా ఒరిగింది. కుడివైపు విమానం రెక్కతోనే ఫోటో అయిపోయింది.

"అమ్మాయ్, ఇక్కడి మనిషేడీ?"

"ఏ మనిషి నాన్నా? స్కాన్ చేస్తే యాప్ దానంతటదే గీతలు తుడిచి, స్ట్రెయిట్ చేసింది. మూలలు కొంచెం కట్ అవుతాయి, అంతే."

నాకు ఒళ్లు మండింది. "అంతేనా!" అని అందరి ముందూ అరిచాను. ఆవిడే నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"పోనియ్యి అన్నా. ఉన్నడని మీరు చెప్తున్నరు గదా, సాలు."

మర్యాదకి అన్న మాట. ఆ గొంతులో నమ్మకం లేదు. స్నేహితుణ్ణి మళ్లీ అబద్ధాలకోరుని చేశానని బాధేసింది. గబగబా లిఫ్టెక్కి ఇంట్లోంచి అసలు ఫోటో తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. చూపించే పని పడలేదు. ఆవిడ కళ్లజోడు సర్దుకొని మూలకి వంగింది. అక్కడ అతను కాళ్లు ఎడంగా పెట్టి, వీపు మావైపు తిప్పి, చంకలో దిమ్మ ఇరికించుకొని నిలబడ్డాడు.

"ఇగో" అంది. "ఈడగూడ ఇటుక పట్టుకున్నడు."

బొటనవేలితో అతని వీపు నిమిరింది. కళ్లు తుడుచుకోలేదు. గోడ వైపు తిరిగి, "మరి దాంట్లకెళ్లి ఎందుకు తీసేసిండ్రు?" అని అడిగింది.

"సముద్రం వంకరగా ఉందనమ్మా."

"సముద్రం వంకరుంటే ఆయనేం జేసిండు?"

ఆవిడ ఫోటో రెండు చేతులా పట్టుకొని మనవరాలి ముందు పెట్టింది.

"ఫోన్ల తియ్యి బిడ్డా, మా తమ్మునికి పంపాలె. ఆలుగడ్డలన్నడు గదా, సూడనీ. నేనుగూడ నవ్విన." మనవరాలు ఫోన్ ఎత్తింది. "ఏం సక్కగ జెయ్యకు. ఎట్లున్నదో గట్లనే తియ్యి."