నీళ్ళు తేరేదాకా

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కినప్పటి నుంచీ ఫోన్లో నా వీడియోలే చూసుకుంటా కూర్చున్నాను. స్కాట్లాండ్ సముద్రంలో, ఎముకలు కొరికే నీళ్ళల్లో, వీపున గాలి సిలిండరు కట్టుకుని రాతి సందుల్లో దాక్కునే ఆక్టోపస్‌ను వీడియో తీయాలని పది రోజులు మునిగినాను. తీరా చూస్తే ప్రతి వీడియోలోనూ బురదే. ఒళ్ళు మండిపోతాంది.

పక్క సీట్లో యాభై దాటిన మనిషి, కాళ్ళ దగ్గర తాడుచుట్ట పెట్టుకుని, నా ఫోన్లోకే చూస్తాండాడు.

"యాడప్పా ఈ బావి?"

"బావి కాదన్నా, సముద్రం," అన్నాను విసురుగా.

"యాడైతేనేమి, నువ్వు కాళ్ళాడించినావు, మడ్డి లేసింది. మేము బావిలో పడిన మోటర్లు తీస్తాము. అడుక్కు పోయినాక కదలం. నీళ్ళు తేరేదాకా ఊపిరి బిగబట్టి, రాయి పట్టుకోని కూసుంటాము. నీకైతే వీపున గాలి కూడా ఉండాదే! ఏం తొందరొచ్చె?"

ఈయనా నాకు నేర్పేది అనుకుని మొహం తిప్పుకున్నాను. కోటేకల్లులో ఆయన దిగిపోయినాడు.

ఆ తర్వాత వీడియోలన్నీ మళ్ళీ చూసినాను. ప్రతిదాని చివర్లోనూ నీళ్ళు కొంచెం తేటపడతాంటాయి. అంతలోనే కెమెరా ఆపడానికి నా చెయ్యి అడ్డమొస్తుంది.

ఒకదాంట్లో, ఆ వేళ్ళ వెనకాల, రాతి సందులోంచి ఒక కన్ను నన్నే చూస్తాంది.