టీచరమ్మ కట్టిన తలగుడ్డ

మొన్న పొద్దున మా ఊరికొచ్చే మొదటి బస్సు కండక్టరు నేరుగా నా దగ్గరికే వచ్చినాడు. "పెద్దాయనా, తిరుపతి టీచరమ్మ పోయిందప్పా. మధ్యాన్నం మూడింటికి సమాధంట" అన్నాడు. ఆమెకని ఏరిపెట్టిన బేనీషా మామిడికాయలు గంపలో అట్లే ఉన్నాయి.

నేను చదివింది అయిదో తరగతి. రాయడం పెద్దగా చేతకాదు. అయినా ఆ తల్లిని గురించి నాలుగు ముక్కలు రాయకుంటే నాకు అన్నం సయించదు. నా కూతురు ఈ ఏడు పదో తరగతి పాసయింది. దాన్ని చూసుకోని నేను పట్టలేని సంతోషంతో తిరగతా ఉన్నానంటే, అది ఆ తల్లి పెట్టిన భిక్ష.

నాకు యాభై నిండినాక పుట్టిన బిడ్డ అది. మూడేండ్లప్పుడు మొక్కు తీర్చుకోను కొండకు పోయినాము. ఇంటామె జ్వరంతో రాలేదు, మేమిద్దరమే. బిడ్డకు గుండు కొట్టిస్తే ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. దాన్ని ఒళ్ళో పెట్టుకోనే నేనూ తలా మీసమూ ఇచ్చేసినాను. ఆ రద్దీలో నా తలగుడ్డ యాడో పోయింది. పుట్టినప్పటినుంచి అది నన్ను తెల్ల తలగుడ్డ లేకుండా చూసింది లేదు. నిద్రలేచి నా మొహం జూసి, "నాయన యాడ?" అని నన్నే అడిగింది! పగలబడి నవ్వినాను. నా గొంతు గుర్తుపట్టి నా వెంట వచ్చింది గానీ, దారంతా అనుమానంగానే చూస్తా ఉండింది.

కింద తిరుపతి బస్టాండులో నేను టికెట్ కోసం అటు తిరిగినాను. ఎవురో తెల్ల తలగుడ్డాయన పోతా ఉంటే, నాయనే అనుకోని ఆయన వెంటబడి పోయింది బిడ్డ. వెనక్కి చూస్తే లేదు. ఎటు చూసినా గుండ్లే. ఏ గుండు నా బిడ్డదని చూసేది? గొంతు పూడిపోయేదాకా అరిచినాను. ఆఖరికి ఒక టీకొట్టాయన, "తప్పిపోయిన బిడ్డలు టీచరమ్మ అరుగుమీద ఉంటారు, ఆడ సూడు పో" అన్నాడు.

బస్టాండు వెనక సందులో చిన్న ఇల్లు. అరుగుమీద మజ్జిగ కుండ. పక్కన తెల్లచీర కట్టుకోని, మెడలో సిలువ వేసుకున్న ఒకామె, ఆమె ఒళ్ళో నా బిడ్డ! పరిగెత్తినాను. నా నున్నని మొహం జూసి, పూడిపోయిన గొంతు విని బిడ్డ కెవ్వుమనింది. ఆమె పైట గట్టిగా పట్టుకునింది.

"బిడ్డ జడుసుకుంటా ఉంటే ఎట్లప్పా ఇచ్చేది? ఏమన్నా గుర్తు చెప్పు."

"గుండు! గుర్తు గుండు!"

"ఈ పొద్దు ఈ అరుగెక్కినోళ్ళందరికీ గుండే."

నాకు పిచ్చి పట్టినట్టయింది. "నా బిడ్డను మీ మతంలో కలుపుకుందామనా?" అని అరిచినాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చస్తాను. ఆమె కోపం తెచ్చుకోలా. చెంబుతో మజ్జిగ ఇచ్చింది. "ముందు తాగు. మతం యాడికీ పోదులే."

తర్వాత బిడ్డ చెవిలో, "మీ నాయన ఎట్లుంటాడమ్మా?" అని అడిగింది. బిడ్డ రెండు చేతులూ తలచుట్టూ తిప్పింది. టీచరమ్మ నన్నొకసారి ఎగాదిగా చూసి, దండెం మీది తెల్ల తువ్వాలు లాగి, "వంగప్పా" అని తనే నా తలకు చుట్టింది.

బిడ్డ కండ్లు ఇంతింత చేసుకోని చూసింది. "నాయనా!" అని నా మీదికి దూకింది.

ఆ పిలుపు నా కట్టె కాలేదాకా నా చెవుల్లో ఉంటుంది.

తువ్వాలు ఉతికి తిరిగిస్తే ఆమె తీసుకోలా. "దోవలో ఎవురికన్నా అవసరమైతే ఇచ్చేయ్" అనింది. నాకు మనసొప్పలా. ఆమె చేత్తో చుట్టింది ఎట్లిచ్చేది? ఏటా మామిడికాయలు తీసకపోతే, ఆమె వాటిని నా కండ్లముందరే దారినపోయే వాళ్ళకు పంచిపెట్టేది. "నీకని తెస్తినక్కా!" అంటే, "నాకే గదా ఇచ్చినావు తమ్ముడా, నేను తింటావుండేది ఈ నోళ్ళతోనే" అని నవ్వేది. పోయేటప్పుడు తప్పకుండా అడిగేది:

"తువ్వాలు ఇచ్చినావా?"

"ఇంకా లేదక్కా."

"నిదానంగా ఇద్దువులే."

పూట పూటకూ ఒక గిద్దెడు బియ్యం ఎక్కువ పోసేది, రాబోయే వాళ్ళకని. "నీకు ఇంతమంది యాడ దొరుకుతారక్కా?" అని ఒకసారి అడిగినాను. "మా యేసయ్య దోవ తప్పినోళ్ళ మాదిరే వచ్చి అరుగెక్కుతాడప్పా. ఎవురిలో వచ్చినాడో నాకు తెలీదు. అందుకని అందరికీ మజ్జిగ పోస్తాను" అనింది. నన్ను చర్చికి రమ్మని గానీ, నా నామం తుడుచుకోమని గానీ పన్నెండేండ్లలో ఒక్కనాడూ అనలా.

సమాధికి నేనూ కూతురూ పోయినాము. పాటలు అయినాయి, మన్ను వేసినాము. సమాధుల తోట గేటు బయట ఎండలో ఒక ముసలామె గోడ పట్టుకోని తూలతా ఉండింది. అప్పుడే తీయించిన గుండు, చందనం కూడా ఎండిపోయింది. తనవాళ్ళు ఎక్కిన బస్సు ఏదో తెలీక తిరగతా ఉందంట. నా కూతురు నన్ను ఒక్క మాట అడగలా. నా తలమీది టీచరమ్మ తువ్వాలు లాగి, కుళాయి కింద తడిపి, ఆమె గుండుకు చుట్టింది. చెయ్యి పట్టుకోని బస్టాండుకు నడిపించి, అరగంట వెతికి, ఆమె వాళ్ళను కనుక్కోని బస్సెక్కించింది.

బస్సు కదిలేటప్పుడు తువ్వాలు అడగాలని నోరు తెరిచినాను. మూసుకున్నాను.

బట్టతల మీద ఎండ సుర్రుమంటా ఉంది. బస్సు మలుపు తిరిగేదాకా, కిటికీలో ఆ తడి తెల్లగుడ్డ కనిపిస్తానే ఉండింది.